ఆరు వందల గ్రాములు

మార్చిల ఎనుమాముల యార్డు నుంచి
ఒక తక్‌పట్టి కాయితం
మడికొండల మా ఆఫీసు టేబుల్ మీదికొచ్చింది.
అంచున ఎర్రటి వేలిముద్ర.
తబస్సుం మడత విప్పి మూడుసార్లు తుమ్మింది.

భూక్య హర్జా, నెక్కొండ దిక్కు తండా,
ముప్పై ఎనిమిది బస్తాల మిర్చి.
కాంటా చూపిన దానికీ కాయితం మీది అంకెకూ
ఒక బస్తాల ఆరు వందల గ్రాములు,
ఒక బస్తాల మూడు వందలు తేడా అని
వేళ్ల మీద లెక్కగట్టి చెప్పిండట.
నిరుడు గూడ చెప్పిండట.
మా సర్వర్లకు మాత్రం
అంతా పచ్చగనే కనబడ్డది.

ఒకప్పుడైతే కుర్చీ గుంజుకొని కూసుందును.
వేళ్లు ముందు, మాట తర్వాత.
అర్ధరాత్రి పడిపోయిన సిస్టంను ఒంటిచేత్తో లేపి
తెల్లారి నయీంనగర్ల చాయ్ తాగుతుంటే
ఊరంతా నేనే నిలబెట్టినట్టుండేది.
ఆ మత్తు ఇప్పటికీ యాదికొస్తది.

ఇప్పుడు నా పేరు కింద ‘సీనియర్’ అని ఉన్నది.
పనేందో ఎవరూ రాయలేదు.
అమ్మ అడిగితే చెప్పిన:
పొద్దున మీటింగు, పగటీలి మీటింగు,
నడుమ ఎవరో రాసిన కోడు చదువుడు,
“ఇది ఎందుకిట్ల?” అని అడుగుడు,
జవాబు తెలిసినా అడుగుడు.
“అంటే పనేం చేస్తలేవన్నట్టు,” అన్నది అమ్మ
బియ్యంల రాళ్లు ఏరుకుంట.

కాజీపేట డీజిల్ కాలనీల సారంగపాణి బాపు
లోకో ఇన్‌స్పెక్టర్ చేసి రిటైరైండు.
ఇంజన్ల డ్రైవర్ ఎనక నిలబడే కొలువు.
“బ్రేకు ఎక్కడెయ్యాల్నో నీ చేతికి తెలుస్తది బిడ్డా,
వాని చేతికి తెలిసేదాక నువ్వాగాలె.
గదే కష్టం” అనేటోడు.
ఒకసారి ఒక పిలగాడు ఆలస్యం చేస్తే
బండి ప్లాట్‌ఫారం దాటి రెండు పెట్టెల దూరం పోయి ఆగిందట.
మెమో ఎవరి పేర వచ్చిందో
నేను అడగలేదు.

చేతులు ఒళ్లో పెట్టుకున్న.
తబస్సుం వెతుకుతున్నది.
మండీబజార్ల వాళ్ల అబ్బాది అత్తరు దుకాణం;
చుక్క తక్కువైతే గిరాకి మళ్ల రాడని
తెలిసి పెరిగిన పిల్ల.
ముందుగాల తప్పు దిక్కు పోయింది.
తప్పు దిక్కని నాకు తెలుసు.
నాలుక పండ్ల నడుమ పెట్టుకున్న.
ఇరవై నిమిషాలు.
తనంతల తానే ఎనక్కొచ్చింది.

దొరికింది.
కిలో తర్వాత చుక్కను,
చుక్క తర్వాత ఉన్నదంతా
కోసి పారేసే ఒక్క వరుస.
ఆమె నా దిక్కు చూడలేదు.
స్క్రీన్‌ను జరంత పక్కకు తిప్పింది
గాయం మీద కొంగు కప్పినట్టు.
వరుస పక్కన పేరు ఉన్నది.
నాలుగేండ్ల కింద, రాత్రి రెండుగంటల పది నిమిషాలకు,
నాది.
ఆ తెల్లారి గూడ
నయీంనగర్ల చాయ్ తాగిన గావచ్చు.

“పాతది మేడం, ఎవరైనా చేస్తరు,” అన్నది.
గొంతుల భయం.
నా కోసమా, తన కోసమా?
స్క్రీన్‌ను మళ్ల అందరి దిక్కు తిప్పిన.
“ఇది నేను రాసిన,” అన్న.
ఎవ్వరూ నవ్వలేదు. ఏసీ చప్పుడు ఇనబడ్డది.
కొంచెం సేపటికి ఎనక కుర్చీల నుంచి ప్రణీత్
“నాది గూడ ఒకటున్నది మేడం, చెప్పలే...” అని ఆగిండు.
“రేపు చూద్దాం, కూసో,” అన్న.

సవరణ తబస్సుమే రాసింది.
నేనైతే రెండు వరుసలు తక్కువల రాద్దును.
ఆ మాట నోటిదాక వచ్చింది.
మింగిన.

ఇగ మిగిలింది లెక్క.
నాలుగు సీజన్లు. ఎన్ని బస్తాలో,
ఎంతమంది హర్జాలో.
మార్కెట్ సెక్రటరీకి ఫోన్ కలిపిన.
ఈ ఒక్కటి తబస్సుంకు ఇయ్యలేను.
అటు రింగవుతుంటే
టేబుల్ మీది కాయితాన్ని అటిటు జరిపి
మర్చిపోయి
కన్ను నలుపుకున్న.