రెండు జహ్రాలు

నారు పోసింది అక్టోబరులో,
ఏసీ నీళ్ళు కారే మూల, పెరుగు డబ్బాల్లో.
విత్తనాల పొట్లం అమ్మిన సిరియా ముసలాయన
దాన్ని జహ్రా అన్నాడు. పువ్వని అర్థమట.
ఊరి పేరూ జహ్రానే కదా అన్నాను.
కాదమ్మా, అది వేరే జ, ఇది వేరే జ అని
పళ్ళ సందున తేనెటీగని పెట్టుకున్నట్టు
మూడుసార్లు పలికి చూపించాడు.
నా నోట్లో ఉన్నది ఒక్క జ.
ఊరూ పువ్వూ ఒకే డబ్బాలో పడ్డాయి.

ఇక్కడి నేల నీళ్ళు తాగదు, జారవిడుస్తుంది.
గొర్రెల సంత నుంచి రెండు గోతాల పెంట,
టీ పిప్పి, గుడ్డు పెంకులు, ఈత పీచు,
వంటింట్లో పారేసేదంతా పెరట్లోకి మోసి
నవంబరు మొదటి శుక్రవారం
పదహారు మొక్కలు పెట్టాను.
రెండింటిని పిచ్చుకలు తెంపేశాయి.
ఒకటి ఎందుకు చచ్చిందో చెప్పకుండా చచ్చింది.

మా రాయచోటి పక్క
వేరుశనగ పీకిన చేతులివి, టమాటాకి కట్టెలు పాతిన చేతులు.
గోబీని తూకంలో చూడటమే గాని
పుట్టడం చూళ్ళేదు.
డిసెంబరులో, రాత్రిళ్ళు దుప్పటి చాలని వారం,
ఆకుల లోతున
పాలపన్నంత తెలుపు.
చలికి గిన్నెలో పెరుగు తోడుకోదు.
ఇది చలికే తోడుకుంది.

ఎండ తగిలితే పసుపెక్కుతుందని
చుట్టూ ఆకులు పైకి లాగి
చినిగిన దిష్‌దాషా అంచులు చించి కట్టాను,
వదులుగా, నిద్రపోయే పిల్లకి జడ కట్టినట్టు.

ఉమ్ ఖలఫ్ చక్రాల కుర్చీలో వచ్చి చూసింది.
ఇదేంటి, కూరగాయకీ బుర్ఖానా?
తెల్లగా ఉండాలి కదమ్మా, అన్నాను.
చుట్టూ చూసి, గేటు చూసి,
తన ముసుగు పైకెత్తి
శీతాకాలపు ఎండకి మొహం ఇచ్చింది.
ఎనభై ఏళ్ళ గోధుమరంగు.
నన్నెవరూ కోయరులే, అంది.

ఆమెకి నిన్న నిలవదు.
రోజూ గోడ పక్క మొక్క దగ్గరే ఆగుతుంది,
రోజూ కట్టు విప్పుతుంది.
ఇదేమిటి?
గర్నబీత్.
ఎవరు వేశారు?
నేను.
బాగుంది.
ఆమె వెళ్ళాక నేను మళ్ళీ కడతాను.
ముప్పై రోజులు, అటూ ఇటూగా,
ఇదే మా సంభాషణ.

జనవరిలో ఒక రాత్రి ఉరిమింది.
తెల్లారేసరికి ఆమె పెరట్లో ఉంది, చెప్పుల్లేకుండా,
నా మడిని కర్రతో పొడుస్తూ.
ఫగ్గా! ఫగ్గా!
ఉరుము విని ఇసుకలో పుట్టే గడ్డ అది.
గుడారాల రోజుల్లో అమ్మతో కలిసి
నేల ఎక్కడ నెర్ర విచ్చి ఉబ్బిందో చూసి తవ్వేదట.
నా మొక్కొకటి వేళ్ళతో సహా లేచొచ్చింది.
వద్దనాలి. అనలేదు.
ఆ మొక్కని దులిపి, వాసన చూసి,
పక్కన పెట్టి, కాదు, అంది.
ఈ ఏడు ఉరుము చిన్నది.

పదకొండు కోశాను.
పెద్దవి దివానియా విందుకి పోయాయి, మచ్బూస్ పక్కన.
పిడికెడు సైజువి నాకూ ఇథియోపియా ఆల్మాజ్‌కీ.
వెల్లుల్లి దంచి, ఎండుకారం చల్లి వేయించాను.
ఆల్మాజ్ మూకుడు గీకి తింది.
ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో నేను తుమ్మాను, పోపుకి.

గోడ పక్కది మాత్రం పసుపెక్కింది.
ఎవరికీ పెట్టేది కాదు. ఉంచేశాను.
ఫిబ్రవరి చివరికి గడ్డ విడిపోయి,
కాడలు సాగి, మొగ్గలేసి
పూసింది.
నాలుగు రేకులు. ఆవపూలే.
అచ్చం ఆవపూలే, నేను ఎన్నిసార్లు చూసినా.
వేడిగాలి అప్పటికే గోడకి అవతల ఉంది.

కుర్చీ వచ్చి ఆగింది. విప్పడానికి కట్టు లేదు.
ఇదేమిటి?
ఈసారి గర్నబీత్ అనలేదు.
జహ్రా, అన్నాను.
ఏ జ పలికిందో నా నోరు,
ఆమె నా చెయ్యి తట్టింది, దారి అడిగిన దాన్ని ఊరడించినట్టు.
అవును బిడ్డా, జహ్రాయే.
ఇంటి దగ్గరే ఉన్నాం.