బెత్తెడు సముద్రం

వ్లోరా దాటాక కారు ఒకసారి దగ్గింది.
మరిదిని అడిగి తెచ్చిన ముసలి మెర్సిడెస్,
మా పెళ్ళికంటే రెండేళ్ళు చిన్నది.
"ఊరికే ఎక్కదిది, బతిమాలాలి" అన్నాడు తఫిల్,
నన్నెన్నడూ బతిమాలని గొంతుతో
స్టీరింగు నిమురుతూ.

లొగరా కనుమ పొడుగునా పైన్ చెట్లు
ఒకే పక్కకి తల దువ్వుకుని నిలబడ్డాయి.
మలుపులో ఒకామె తేనె అమ్ముతోంది.
చెంచా నా నోటి దాకా తెచ్చి
"ఏ ఊరు?" అంది.
"ఎల్బసాన్."
"ఇంత దగ్గరా! మరి ఇన్నేళ్ళూ ఏం చేశారమ్మా?"

ఏం చేశామని చెప్పను.
ఒకప్పుడు ఈ దారిన రావాలంటే కాగితం కావాలి.
కాగితం అక్కర్లేని రోజులొచ్చాక డబ్బు కావాలి.
డబ్బు కూడేసరికి అతని మోకాలు, నా కంటి ఆపరేషను.
బేరమాడకుండా ఒక సీసా కొన్నాను.

కనుమ కొసకి రాగానే
కిందంతా ఒక్కసారిగా నీలం.
అబ్బా అనబోయి నోరు తెరిస్తే
గాలి దూరి మాటని లోపలికి తోసేసింది.
దూరాన కొర్ఫూ, దండెం మీంచి జారిన దుప్పటిలా.
మోటారుసైకిలు మీదొచ్చిన జర్మన్ పిల్లలు
ఫొటో తీయమని అడిగారు.
తఫిల్ మూడు తీశాడు.
మూడింట్లోనూ వాళ్ళ బూట్లున్నాయి, సముద్రం లేదు.
అతనికి ఈ సముద్రంతో పని లేదు.
"కిందికి పద, నాది చూపిస్తా" అన్నాడు.

అతనిది!
పంతొమ్మిదో ఏట మొదలుపెట్టి రెండేళ్ళు
ఒక సిమెంటు పుట్టగొడుగులో నిలబడి
ఎవరూ రాని నీళ్ళకి తుపాకి గురిపెట్టాడు.
గోడలో బెత్తెడు సందు.
సందులో బెత్తెడు సముద్రం.
దిగి కాలు తడుపుకోవడానికి ఆజ్ఞ లేదు.
పెళ్ళైన కొత్తలో నాకు చెప్పిందీ ఆ సముద్రమే,
సన్నగా, పొడుగ్గా, పైన ఆకాశం లేకుండా.
సముద్రమంటే మా ష్కుంబిన్ నది లాంటిదేమోనని
చాలా ఏళ్ళు అనుకున్నాను నేను.

దిగే దారిలో మేకలు.
ఒకటి బానెట్ మీద ముందుకాళ్ళు మోపి
సుంకం వాడిలా లోపలికి తొంగి చూసింది.
నా ఒళ్ళోని బ్యురెక్ పొట్లం మీదే దాని చూపంతా.
కొంచెం ఇచ్చాం. ఏం చేస్తాం.

ధెర్మి దాటాక వాలులో ఆపాడు.
పదకొండు లెక్కపెట్టాను, అన్నీ ఒకే అచ్చు.
ఒకదాంట్లో ఎవరో ఉల్లిపాయలు దాచారు,
ఒకదానికి పుచ్చకాయ చారలు పూశారు.
"ఇదీ."
"కాదు, అదీ."
గోడ మీద మేకుతో రోజులు గీసుకున్నాడట.
అన్ని గోడల మీదా గీతలున్నాయి.
అందరికీ అవే రోజులు కదా.
మోకాలు పట్టుకుని కాసేపు కూచుని
"సరే, ఇదే అనుకుందాం" అన్నాడు.

నేను వంగి లోపలికి దూరాను.
మేక ఉచ్చ వాసన, వేసవిలోనూ వదలని చలి.
సందు దగ్గర మొహం ఆనించాను.
సముద్రం లేదు.
బయట ఒక మెట్టు కిందగా నిలబడ్డ తఫిల్ చొక్కా ఉంది,
రెండు గుండీలు,
అందులో ఒకటి నిన్న రాత్రి నేను
దొరికిన ఆకుపచ్చ దారంతో కుట్టింది.
"కనిపిస్తోందా?" అని కేకేశాడు.
"ఆఁ."
"ఎలా ఉంది?"
"పక్కకి జరగొద్దు" అన్నాను.

సాయంత్రం గులకరాళ్ళ మీద
ప్యాంటు మడుచుకుని పిక్కల దాకా దిగాడు.
మేజోళ్ళు నా చేతిలో, ఇంకా వెచ్చగా.
చలిగా ఉందా అంటే ఉప్పగా ఉందన్నాడు.
కాళ్ళకి ఉప్పెలా తెలిసిందో నేనడగలేదు.

కారు మళ్ళీ మొరాయించింది.
ఈసారి ఎవరం బతిమాలలేదు.
చెరో తలుపు పట్టుకుని తోశాం.
ఈ తీరంలో ఇంకేం లేకపోయినా
పల్లానికి కొదవ లేదు.