పొడి గడి

రాత్రి ఏడున్నరకి క్లాసు.
వంటింటి గట్టు మీద లాప్‌టాప్, పక్కన కుక్కర్.
మూడో విజిల్‌కి
మైకు మ్యూట్‌లో ఉందో లేదో చూసుకుంటాను.
తెర మీద ముప్పై నాలుగు పేర్లు,
ముఖాలు మాత్రం ఐదు.
అందులో నాది లేదు.

నేలకి గరుకుంటుంది, అంటారు నళినాక్షి మేడం,
పారే నీటికి మాత్రమే తెలిసే గరుకు.
సిమెంటు కాలవకి ఇంత, గడ్డి గట్టుకి ఇంత,
పట్టిక చూసి దశాంశాలు దింపుకున్నాను.
మా గెడ్డకి ఎంత వేయాలో అందులో లేదు.
సగం పరుపు, కొబ్బరి మట్టలు,
నిరుటి వినాయకుడి ఇనప చట్రం,
ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు ఒక ప్లాస్టిక్ కుర్చీ.
వీటి గరుకెంత మేడం?
చాట్‌లో టైపు చేసి, చెరిపేశాను.

పగలు నేను వార్డు సచివాలయంలో
కుళాయి లీకులు, వీధి దీపాలు, మూతల్లేని మ్యాన్‌హోళ్లు.
రాత్రి మాత్రం ఉపగ్రహం కొలిచిన ఎత్తులు తెచ్చి
కంచరపాలెం మీద గళ్ల దుప్పటి పరుస్తాను.
ముప్పై మీటర్లకొక గడి.
ఒక్క గడిలో పన్నెండిళ్లు, రేషన్ షాపు,
బోడెమ్మ అట్ల పొయ్యి,
అన్నిటికీ కలిపి ఒకటే ఎత్తు.

గంటకి డెబ్భై మిల్లీమీటర్లు కురిపించాను.
(ఊరంతా వాన నా చేతిలో ఉన్న ఆ రాత్రి
మా ఇంట్లో కుళాయి రాలేదు.)
నీలం రంగు సింహాచలం కొండ వార నుంచి కదిలి
రైలు కట్ట దాకా వచ్చి
ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి తిరిగిపోయింది.
బోడెమ్మ గడి పొడిగా ఉంది.
తప్పులు సున్నా, అంది తెర.

పొద్దున్న రెండట్లు కట్టించుకుంటూ అడిగాను,
ఆ వేళ నీళ్లెంతదాకా వచ్చాయని.
"ఏ వేళ? పేరున్న తుపానుదా, పేరు నేని వానదా?"
అట్లకాడతో గోడ చూపించింది.
నూనె మసి కింద మూడు చారలు.
ఒకటి నా మోకాలు.
ఒకటి గ్యాస్ సిలిండర్ మెడ.
మూడోదాని మీద వేలు పెట్టబోతే
"అదొద్దమ్మా. ఆ నాటికి మా చంటిది..."
అని అట్టు తిరగేసింది.

టీ గ్లాసు పక్కన పెట్టి కొర్లయ్య అన్నాడు,
పూడిక తీసే మనిషి,
"కట్ట కింద తూముందమ్మా.
పాత ఇటికలు, గుడ్డు లాగుంటాది. ఒంగుని ఎల్లాల.
అటేపు సముద్రం పోటు మీదుంటే
నీరు ఎనక్కొచ్చెస్తాది. వానే అక్కర్నేదు."

నా పటంలో ఆ తూము లేదు.
ఆఫీసు పటంలో లేదు.
రైల్వేవాళ్లు లెటర్ పెట్టమన్నారు.
వెడల్పెంత అంటే కొర్లయ్య చేతులు చాపాడు,
లోపల రెండు గోడలూ తాకినంత.
వేలి కొస నుంచి వేలి కొసకి టేపు పట్టాను.
నూట అరవై ఎనిమిది.

ఆ రాత్రి మళ్లీ వాన.
ఈసారి కొసన పోటు కూడా పెట్టాను.
నీలం తూములోంచి వెనక్కి పాకి
బోడెమ్మ గడి తడిపి, మోకాలు దాటి,
సిలిండర్ మెడకి నాలుగు వేళ్ల కింద ఆగింది.
కేక వేశాను.
మైకు ఆన్‌లో ఉంది.
"ఏమైంది?" అన్నారు మేడం.
"మునిగింది మేడం. సరిగ్గా మునిగింది."
ముప్పై నాలుగు పేర్లూ నిశ్శబ్దం.
ఒక కొంప మునిగినందుకు
ఇంత సంబరపడిన మనిషిని నేనే కాబోలు.

ప్రాజెక్టు ఫారంలో ఒక గడి, సమాచార మూలం.
గోడ మసి అని రాశాను. కొర్లయ్య చేతులు అని రాశాను.
చెల్లదంది.
స్థానిక సర్వే అని మార్చాను. చెల్లింది.

మూడో చార దాకా నీలం ఇంకా చేరలేదు.
వాన పెంచాను, పోటు పెంచాను,
గెడ్డని పూర్తిగా పూడ్చేశాను.
చేరదు.
ఆ రోజు ఇంకేమి జరిగిందో అడగాలి.
రెండట్లు కట్టించుకుంటూ కాదు.