ఖాళీకీ సున్నాకీ మధ్య

రాత్రి పదకొండూ ఇరవైకి
కూడేరు లింకు ఎర్రబడింది.
పింగ్ కొట్టాను. జవాబు లేదు.
మళ్లీ కొట్టాను,
లోపల మనిషున్నారని తెలిసీ
తెరవని తలుపు ముందు నిలబడినట్టు.

ఆ తీగ చివర ఏముందని అడుగుతారు చుట్టాలు.
ఆరు వేరుశనగ మళ్లు, నేలలో గుచ్చిన కడ్డీలు,
ఒక వానకొలత డబ్బా.
పది నిమిషాలకోసారి డబ్బా చెప్పేది ఒకటే మాట:
సున్నా.
దాన్ని చెక్కుచెదరకుండా
హైదరాబాదు దాకా, అక్కడి నుంచి ఎక్కడెక్కడికో
చేర్చడం నా పని.
జీతం తీసుకుని సున్నాలు మోసేదాన్ని.

చేరిన కొత్తలో పంపాపతి సారు చెప్పాడు:
"సున్నా అంటే వాన పడలేదని.
ఖాళీ అంటే మనకు తెలీదని.
రెండూ ఒకటే అనుకుంటివా,
కరువు లెక్క తప్పుతాది తల్లీ."

కొలిస్తే, పదకొండున్నర కిలోమీటర్ల కాడ
వెలుతురు విరిగి వెనక్కొస్తోంది.

ఉరవకొండ రోడ్డు పక్కన గుంత.
నీళ్ల పైపుకని తవ్విన జేసీబీ
మా తీగను ఏ తుమ్మవేరో అనుకుని
పీకేసి పోయింది.
నీళ్ల కోసమే గదా, తిట్టబుద్ధి కాలేదు.
తిట్టాను.

దస్తగిరి గుంతలో గొంతుక్కూర్చున్నాడు,
పళ్ల మధ్య టార్చి.
నలభై ఎనిమిది గాజు వెంట్రుకలు.
ఒక్కోదాని కొస తుడిచి, కోసి,
ఎదురుబొదురుగా పడుకోబెడితే
మిషన్లో చిటుక్కున ఒక మెరుపు.
ఆ రాత్రికి మా జిల్లాలో
మెరిసింది అంతే అనుకున్నాను.

మూడున్నరకి పచ్చబడింది.
సున్నా. సున్నా.
వాటి వెనక నాలుగు గంటల పది నిమిషాల ఖాళీ.
డబ్బాలోని మెమరీ కార్డు
మొన్న మే ఎండకే చచ్చింది.
కొత్తదానికి రాసిన ఇండెంటు
ఏ బల్ల మీద పడుకుందో.

దస్తగిరి చేతులు తుడుచుకుంటా అన్నాడు:
"ఒంటిగంటప్పుడు మేడం,
నా మెడ మీద రెండు చినుకులు పడె.
చెమటనుకుంటి.
చెమట అంత చల్లగుండదు గదా.
గాలి కూడేరు పక్కకే కొడతాండె."

రిపోర్టు తెరిచాను.
కారణం: తవ్వకం. స్థితి: సరిచేశాం.
రిమార్కుల గడిలో
*రెండు చినుకులు, ఒంటిగంట, దస్తగిరి మెడ*
అని కొట్టాను.
ఎంటర్ నొక్కలేదు. చెరపనూ లేదు.
టీకొట్టాయన షట్టరు ఎత్తేదాకా
ఆ మాట చివర కర్సరు
ఆరుతూ వెలుగుతూ ఉండింది.