ఏడో గడి

మర్రిగూడ దాటినంక తారు ఆగిపోతది.
స్కూటీ మీద నేను, సంచిలో నలభై ఫారాలు,
వేలికొసల మీద ఇంకా
నిరుటి దవాఖాన రిజిస్టరు.

నల్లగొండ పెద్దాసుపత్రిల
దాన్ని కంప్యూటరుకెక్కించింది నేనే.
వరుస నంబరు, వయసు, ఆక్సిజన్ ఎంత, షుగరున్నదా,
ఆఖరి గడిల ఫలితం.
ఒకటి అంటే ఇంటికి.
రెండు అంటే... రెండే.
మూడు, హైదరాబాదుకు.
నాలుగు, చెప్పకుంట పోయినోళ్లు.
కొట్టీ కొట్టీ కీబోర్డు మీద
రెండు అంకె అరిగిపోయింది.
సారు కొత్తది తెప్పిచ్చిండు, కారణం అడగలేదు.

ఇప్పుడు వేరే పని.
'టీకా ఎందుకు వేసుకోలేదు?'
కింద ఏడు గడులు.
భయం. నమ్మకం లేదు. దూరం. తీరిక లేదు.
ఇంట్లో వద్దన్నారు. అవసరం లేదనుకున్నారు.
ఏడోది: ఇతరములు, వివరించండి.
వివరించడానికి
బెత్తెడు గీత.

ఈదమ్మ కూసున్న కాడి నుంచి లేవలేదు.
మోకాళ్లు ఒప్పుకోవు.
బోరు నీళ్లు వంచిన బొక్కలు.
"నేను పెండ్లై వచ్చిన ఏడు ఒకాయన జీపుల వచ్చి
సీసల నీళ్లు పట్టుకపోయిండు.
ఎనుక ఇంకొకలొచ్చి ఉచ్చ పట్టుకపోయిన్రు.
పిల్లల పండ్లు సూశిన్రు, ఫోటువలు దీసిన్రు.
పట్టుకపోయినోళ్లు ఒక్కలన్న మల్లొచ్చి
'ఈదమ్మా, నీ సీసల గిది దొరికింది' అన్నరా బిడ్డా?
ఇన్నేండ్లు గుంజుకపోయిన సూదికి
ఇయ్యాల ఎక్కిస్తనంటున్న సూదికి
తేడా నాకెట్ల ఎరుకైతది?"

పెన్ను 'నమ్మకం లేదు' మీదికి పోయి
ఆడనే నిలబడ్డది.

పొద్దుగూకంగ మంద వచ్చింది,
దుమ్ములోంచి ఆమె మరిది, కడారి పర్వతాలు.
రెండు మెట్ల అరుగెక్కనీకె
నడుమ ఒకసారి ఆగిండు, గోడ పట్టుకొని.
పేరు రాస్తుంటే నా చెయ్యికే ముందు తెలిసింది:
వరుస నంబరు రెండువందల పద్నాలుగు.
ఆక్సిజన్ ఎనభై ఆరు. ఫలితం నాలుగు.

"గోడ దుంకి పోయిన మేడం."
నవ్వబోతే దగ్గొచ్చింది.
"ఈనే గొర్లు ఇరవై మూడు ఇంటికాడ.
ఈడ పక్క మంచాలేమో ఒక్కొక్కటి ఖాళీ అయితున్నయి.
ఎటుపోయినా సావేనాయె, మంద కాడికే పోదామనుకున్న."

మా లెక్కల్ల ఆయన ఉన్నోడు కాదు, పోయినోడు కాదు.
ఆచూకీ లేనోళ్లను సారు పట్టికలోంచే తీసేసిండు.
తీసేసిన ఆ వరుస నా ముందే
బీడీ ముట్టించబోయి, ఊపిరి యాదికొచ్చి
మల్ల చెవిమీద పెట్టుకున్నది.

"సూది మీద నాకేం కోపం?
నీలినాలుక రాకుంట ఏటేట గొర్లకు నేనే పట్టి ఏపిస్త.
ఏపిచ్చిన మందేందో, ఏపియ్యని మందేందో
నన్నడుగు, నేను చెప్త.
గని మీరొచ్చేది పది గంటలకు.
పది గంటలకు గొర్లకాపరి ఇంట్ల దొరుకుతడా?"

'తీరిక లేదు' అని రాయాలె.
ఎవరికి లేదో ఆ గడిల రాసే జాగలేదు.

ఏడో గీత పొద్దు అన్న మాట కాడనే నిండింది.
ఫారం తిరగేసిన. ఎనుకంతా తెల్లగుంది.
అరుగు మీద దీపం పెట్టిన్రు,
కరెంటు పోయింది, రాసుకుంటనే ఉన్న.

లేవబోతే ఈదమ్మ కొంగు పట్టినట్టు ఫారం పట్టింది.
"గా రాసింది సదువు."
సదివిన. ఆమె మాట ఆమెకే.
ఒక్కకాడ ఆపి దిద్దిపిచ్చింది:
"ఉచ్చ అని రాయకు, మూత్రమని రాయి.
పెద్దోళ్లు సదువుతరు గద."

టీకా సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
బండి మలిపినంక ఎనుక నుంచి అడిగింది,
ఏం దొరికిందో చెప్పనీకె మల్లొస్తవా అని.

వస్త అన్న. వినపడ్డదో లేదో.
రెండువందల పద్నాలుగు దగ్గు మాత్రం
ఊరి కొసన మలుపు దాకా వినొచ్చింది.