ఊరుంది, పేరు లేదు

బార్న్‌స్లీ మార్కెట్ మేడమీద
తాళంచెవులు కోసే కొట్టుకీ బటన్లమ్మే కొట్టుకీ నడుమ
బల్లంత జాగా నాది.
మంగళవారం, వాన.
క్లిఫర్డ్ అట్లీ తన కంప్యూటర్ని తువ్వాలులో చుట్టి
చంకలో పెట్టుకొచ్చాడు,
సంతకి పుంజుని తెచ్చినట్టు.

"రేసు ఫలితాలని రాసుంది, లవ్. నొక్కాను."
(ఇక్కడ అందరూ అందరికీ లవ్వే.
చిల్లర సరిపోలేదని గొడవ పడుతూ కూడా
మాంసం కొట్టు ఆయన నన్ను అలాగే పిలుస్తాడు.)

మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది.
నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి
వెలుగుతూ ఆరుతూ,
చెప్పాల్సింది మరిచిపోయినవాడి పెదవిలా.
ఆపి మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే.

"ఏముంది లోపల?"
"పావురాలు."

ముప్పై ఒక్క ఏళ్ళ పావురాలు.
కాలి రింగు నంబరు, తల్లీ తండ్రీ,
ఫ్రాన్సులో వదిలిన గంట, గూట్లో వాలిన నిమిషం,
ఆనాటి గాలి.
ఒక్కోదానికీ దగ్గర్నుంచి తీసిన కంటి ఫొటో.
కన్ను చూస్తే వంశం తెలిసిపోతుందట.
సంబంధాలు చూసేప్పుడు మా మేనత్త కూడా
ఇంత వాకబు చేయలేదు.

"కాపీ ఉందా?"
"కాగితాలుండేవి. తగలబెట్టేశాను,
ఇందులోకి ఎక్కించేశాను గదాని."
వారానికి రెండుసార్లు వింటాను ఈ మాట.
గోరుచుట్టు మీద రోకలిపోటు నా వృత్తి కాదు.
స్క్రూడ్రైవర్ అందుకున్నాను.

నాలుగు మరలు విప్పితే డిస్కు అరచేతిలోకొచ్చింది.
ముప్పై ఒక్క ఏళ్ళు. కూరగాయల తూకంలో
అరకిలో పైచిలుకు.
కరెంటిచ్చి చెవి ఆనించాను. టకటక లేదు.
పెన్‌డ్రైవ్‌తో లేపిన నా మిషనుకి తగిలించాను:
చదవడమే, ఒక్క అక్షరమూ రాయడం లేదు.
వైరస్ తిన్నది విషయసూచికని, పుస్తకాన్ని కాదు.
ఇది చెప్పాక అతని భుజాలు
అర అంగుళం దిగాయి.

రాత్రంతా ఏరింది మిషను,
బియ్యంలో రాళ్ళు కాదు, రాళ్ళలో బియ్యం.
పట్టికలు ముద్దయిపోయాయి.
ఫొటోలు మాత్రం పదకొండు వందల నలభై.
ఒక్కదానికీ పేరు లేదు,
సున్నాలతో మొదలయ్యే అంకెలు తప్ప.

ఊరూ పేరూ లేనివంటాం.
వీటికి ఊరుంది. సముద్రం దాటొచ్చి
ఏ వీధో, ఏ పెంకో, ఏ గూడో పోల్చుకోగలవు.
పేరే లేదు.

"చూపించు," అని స్టూలు లాక్కున్నాడు.
తెర నిండా ఒక కన్ను. నారింజ రంగు,
చుట్టూ సన్నటి ఊదా అంచు.
"తొంభై ఎనిమిది పిల్ల. సోమరిపోతు."
సోమరిపోతు అని టైపు చేశాను.
"ఏయ్, అది గుణం. పేరు డచెస్."

తర్వాతది. తర్వాతది.
నాకన్నీ ఒకే కన్ను.
అతనికి మాత్రం సందులో ఎదురొచ్చే మనుషులు:
ఒకరికి తల ఊపి, ఒకరి మీద విసుక్కుని,
ఒకతెకి ఇంకా ఏదో బాకీ ఉన్నట్టు గొంతు తగ్గించి.
మధ్యాహ్నానికి నూటిరవై. టీ చల్లారింది.
బటన్ల కొట్టు మౌరీన్ వచ్చి కాసేపు నిలబడి
"అది నన్నే చూస్తోంది" అని వెళ్ళిపోయింది.

శుక్రవారం. నాలుగు వందల పన్నెండోదో, పదమూడోదో.
ఆగాడు.
కళ్ళద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని, ముందుకి వంగాడు.
బూడిద రంగు కన్ను, అంచున ఒక చుక్క.
నా వేళ్ళు కీబోర్డు మీద గాల్లో ఉన్నాయి.
కింద చేపల కొట్టులో మంచు ఊడుస్తున్న చప్పుడు.

"తెలీదు," అన్నాడు చివరికి.
"నా గూట్లోదే. పట్టుకున్న ఆ బొటనవేలు నాదే.
కానీ తెలీదు."

తీసేయనా అని అడగబోయి మానేశాను.
అంకె అలాగే ఉంచాను, సున్నాలన్నిటితో సహా.
అతను కళ్ళద్దాలు మళ్ళీ తీసి,
ఈసారి తుడవకుండా చేతిలోనే పట్టుకుని
"తర్వాతది, లవ్," అన్నాడు.