నూట అరవై రెండో మీటరు

జూన్‌లో నది మా మెట్లన్నీ దిగిపోతుంది.
ఎవరో దుప్పటి లాగేసినట్టు
ఒడ్డంతా బయటపడుతుంది.
బురద, నత్తగుల్లలు, ఒంటి రబ్బరు చెప్పు,
సిమెంటు దిమ్మ మీద తెల్లరంగుతో రాసిన మీటర్లు.
నూట అరవై రెండు దగ్గర
మా ఫ్యాక్టరీ గచ్చు.

గచ్చే మిగిలింది.
డ్యాం నిండకముందే గోడలు కూల్చి
ఇటుకలు అమ్ముకున్నారు.

రాన్ షియింగ్, రెండో షిఫ్టు, నాలుగో బల్ల.
థర్మామీటర్లు చేసేవాళ్ళం.
గాజు గొట్టం పగిలితే పాదరసం
గోళీల్లా పరిగెత్తేది, నవ్వొచ్చేది.
చీపురుతో తూములోకి తోసేవాళ్ళం.
తూము వాగులోకి, వాగు యాంగ్త్సీ దారిలోకి.
ఎవరి జ్వరమో చూడాల్సింది
నది ఒంట్లోకి పోయింది.

ఈ ఏడు చొంగ్‌చింగ్ నుంచి షూ నింగ్ వచ్చింది,
మోకాళ్ళ దాకా బూట్లు, భుజాన పొడవాటి గొట్టం.
బురదలోకి దించి, మూత బిగించి,
పంటి నొప్పి ఉన్నదాన్ని లేపినంత మెల్లగా పైకి లాగింది.
పైన గోధుమరంగు.
కింద నలుపు, కుళ్ళిన గుడ్డు వాసన.

"నల్లగా ఉన్నంతసేపు పర్లేదు పెద్దమ్మా,
గంధకం దాన్ని గట్టిగా పట్టుకునుంటుంది.
ఎండా గాలీ తగిలితే పట్టు సడలుతుంది.
మళ్ళీ నీళ్ళొచ్చి కప్పుతాయి కదా,
ఆ చీకట్లో, ఊపిరాడని చోట,
సూక్ష్మజీవులు దాన్ని
చేపకి వంటబట్టేలా మార్చిపెడతాయి."

ఏటానా?
ఏటా.
తడిసి ఆరి, ఆరి తడిసి.
నిద్రపోతున్నదాన్ని ఏటా తట్టి లేపడమన్నమాట.

గేట్లు ఎత్తేవాళ్ళని తిట్టను.
కింద ఊళ్ళు మునగకూడదు,
మా ఇంట్లోనూ ఫ్యాను తిరుగుతోంది.
ఈ బురదలో మొక్కజొన్న వేస్తాను నేను,
వంద రోజుల పంట, ఎరువు అక్కర్లేదు.
వెయ్యొద్దని బోర్డు పెట్టారు.
మధ్యాహ్నం దాని నీడలో అన్నం తింటాను.

షూ నింగ్ మట్టిని దోసకాయలా చక్రాలు కోసింది.
ఏ చక్రం ఏ ఏటిదో తేల్చాలట, నెల పడుతుందట.
నేను వేలు పెట్టి చూపించాను.
ఈ ఎర్రగీత పెద్ద వరద వచ్చిన ఏడు.
దాని మీద రెండు వేళ్ళ మందం,
అది మేము.

అడుసు తొక్కాం. కాళ్ళూ కడుక్కున్నాం.
కడిగిన నీళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ పిల్ల ఏమీ అనలేదు.
సంచీ మీద నంబరు రాసింది,
కాసేపాగి, నంబరు పక్కన నా పేరు కూడా.
వెళ్ళేటప్పుడు చెప్పింది,
"పెద్ద చేపలు వద్దు పెద్దమ్మా, చిన్నవి తినండి."
మా ఆయన గాలానికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

సెప్టెంబరు.
నూట యాభై ఎనిమిది.
కంకులు విరిచేశాను, చొప్ప ఇంకా అలాగే ఉంది.
రేపో ఎల్లుండో గచ్చు.